'77 లైవ్: జపాన్ బృందం లె రలీజ్ దెన్యూదే లైవ్ ఆల్బం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హోరునే సంగీతంగా మలిచే జపాన్ నాయిస్ రాక్ వైపు కొత్తగా వచ్చినవాళ్ళకు ఎవరో ఒకరు ఈ ఆల్బం పేరు చెబుతారు. తీరా పెట్టుకుని విన్నాక చాలామంది రెండో నిమిషంలోనే ఆపేసి, ఇది రికార్డింగ్ లోపమా, కావాలని చేసిందా అని అడుగుతారు. నన్ను ఏళ్ళ తరబడి వెంటాడిన ఆల్బం ఇది. దీని గురించి తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో, విన్నంతలో ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఇది ఎవరి ఆల్బం? ఎప్పుడు, ఎక్కడ రికార్డు చేశారు?

లె రలీజ్ దెన్యూదే అనే జపాన్ బృందం 1977 మార్చి 12న ఇచ్చిన కచేరీ ఇది. టోక్యో మహానగరానికి పడమటి వైపున్న తచికావాలో, సామాజిక విద్యా కేంద్రం అనే పౌర భవనంలో ఈ కచేరీ జరిగింది. పేరున్న సంగీత మందిరమో, మద్యం అమ్మే క్లబ్బో కాదు. ఊరి జనం సభలకు, తరగతులకు వాడుకునే భవనం. రాక్ చరిత్రలో చెవులు దిమ్మెక్కించే రికార్డుల్లో ఒకటిగా పేరు తెచ్చుకున్న సంగీతం ఇలాంటి చోట పుట్టిందని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. తచికావాలో అప్పటికి దశాబ్దాలుగా అమెరికా వైమానిక స్థావరం ఉండేది. దాని రన్‌వే పొడిగింపుకు వ్యతిరేకంగా 1950లలో సునగావా రైతులు, విద్యార్థులు పెద్ద పోరాటం చేశారు. ఆ స్థావరం పూర్తిగా జపాన్ చేతికి తిరిగి వచ్చింది కూడా ఈ కచేరీ జరిగిన 1977లోనే. ఆ సంగతికీ ఈ పాటలకూ నేరుగా సంబంధం ఉందని నేను అనను. అయితే ఈ బృందం పుట్టింది ఆ విద్యార్థి పోరాటాల కాలంలోనే కాబట్టి, ఆ ఊరు ఎలాంటిదో తెలిసి ఉంటే మంచిది.

కచేరీ 1977లో జరిగినా ఆల్బం మాత్రం 1991లో, రెండు సీడీలుగా, రివిస్టా అనే చిన్న సంస్థ ద్వారా బయటికి వచ్చింది. మొత్తం నిడివి సుమారు గంటన్నర. పాటలు ఏడే.

బృందం పేరుకు అర్థం ఏమిటి?

జపాన్‌లో ఈ బృందాన్ని హదకా నో రారీజు అంటారు. హదకా అంటే నగ్నమైన అని అర్థం, ఫ్రెంచి పేరులోని దెన్యూదే కూడా అదే చెబుతుంది. చిక్కంతా రలీజ్ అనే మాటతోనే, ఎందుకంటే అది ఫ్రెంచి నిఘంటువులో లేదు. మత్తులో తూలడాన్ని సూచించే జపనీస్ వాడుక మాట రరిరు నుంచి వచ్చిందని కొందరు, పెట్టె అనే అర్థమున్న ఫ్రెంచి మాట వలీజ్‌ను వంకర తిప్పగా పుట్టిందని మరికొందరు చెబుతారు. తెలిసీ తెలియని ఫ్రెంచిలాగా వినిపించే ఆ పేరును మార్చకుండా వాళ్ళు సుమారు 30 ఏళ్ళు మోశారు. అర్థం కోసం ఇంతకు మించి తవ్వనవసరం లేదని నా ఉద్దేశం.

బృందం ఎక్కడ, ఎలా మొదలైంది?

1967లో క్యోటోలోని దోషిషా విశ్వవిద్యాలయంలో చదువుతున్న తకాషి మిజుతాని, తన తోటివారితో కలిసి దీన్ని ప్రారంభించారు. పాడేది, ముఖ్యమైన గిటార్ వాయించేది ఆయనే. సభ్యులు ఎంతమంది మారినా చివరిదాకా నిలిచినవారు ఆయన ఒక్కరే. 1960ల చివర్లో జపాన్ విశ్వవిద్యాలయాలు సమ్మెలతో, అడ్డుగోడలతో, పోలీసులతో తలపడే విద్యార్థి దళాలతో అట్టుడికిపోతుండేవి. 1969 ఏప్రిల్‌లో క్యోటో విశ్వవిద్యాలయంలో అడ్డుగోడల మధ్యనే జరిగిన ఒక సంగీత సభలో ఈ బృందం కూడా వాయించింది. అంతకుముందు క్యోటోలోని ఒక ప్రయోగాత్మక నాటక బృందంతో కలిసి పనిచేసిన అనుభవం కూడా వాళ్ళకు ఉంది. వాళ్ళ కచేరీల్లో వెలుగుకూ చీకటికీ అంత ప్రాధాన్యం ఉండడానికి, వేగంగా వెలిగి ఆరే స్ట్రోబ్ దీపాలు సంగీతంలో భాగంగా మారిపోవడానికి ఆ నాటక రంగ పరిచయమే కారణమని నేను నమ్ముతాను.

అమెరికా నుంచి వచ్చిన వెల్వెట్ అండర్‌గ్రౌండ్, బ్లూ చియర్ వంటి బృందాల ప్రభావం వీళ్ళ మీద స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఆ బృందాలు కొన్నేళ్ళు చేసి వదిలేసిన పనిని మిజుతాని జీవితాంతం చేశారు.

ఈ బృందంలో విమానం హైజాక్ చేసినవాళ్ళు ఉన్నారట, నిజమేనా?

నిజమే. అయితే దాన్ని ఈ ఆల్బంతో కలిపి చూడడం తప్పు. తొలి బృందంలో బేస్ గిటార్ (కింది స్థాయి స్వరాలు పలికించే గిటార్) వాయించిన మొరియాకి వకబయాషి, 1970 మార్చి 31న జపాన్ ఎయిర్‌లైన్స్ 351వ నంబరు విమానాన్ని దారి మళ్ళించిన తొమ్మిది మంది రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే తీవ్ర వామపక్ష సంస్థ సభ్యుల్లో ఒకరు. యోదొ అనే పేరున్న ఆ బోయింగ్ 727 టోక్యో నుంచి ఫుకువోకాకు వెళ్ళవలసింది. ఫుకువోకాలో కొంతమంది ప్రయాణికులను దించారు. తర్వాత దాన్ని ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ అని హైజాకర్లను నమ్మించేలా ముస్తాబు చేసిన దక్షిణ కొరియాలోని సియోల్ గింపో విమానాశ్రయంలో దింపారు. రోజుల తరబడి సాగిన బేరం తర్వాత ప్రయాణికులను వదిలిపెట్టారు. వాళ్ళకు బదులుగా ఒక జపాన్ ఉప మంత్రి బందీగా విమానం ఎక్కారు. చివరికి విమానం ఉత్తర కొరియా చేరింది, వకబయాషి అక్కడే ఉండిపోయారు.

ఈ ఆల్బం రికార్డయ్యే నాటికి ఆ సంఘటన జరిగి ఏడేళ్ళు గడిచిపోయాయి, అప్పటి బేస్ వాదకుడు వేరే మనిషి. ఈ బృందం గురించి రాసే ప్రతి వ్యాసమూ హైజాక్‌తో మొదలై మిజుతాని నల్ల కళ్ళద్దాల మీదుగా సాగి, సంగీతం దగ్గరికి వచ్చేసరికి రెండు వాక్యాలతో ముగుస్తుంది. అది ఆ మనుషుల శ్రమకు అన్యాయం.

ఆ రోజు వేదిక మీద ఎవరెవరు ఉన్నారు?

నలుగురు. గానం, ప్రధాన గిటార్ మిజుతాని. రెండో గిటార్ తకేషి నకమురా. బేస్ గిటార్ హిరోషి నార్. డ్రమ్స్ తోషిరో మిమాకి. అందరూ మిజుతాని గిటార్ గురించే మాట్లాడతారు కానీ, ఈ ఆల్బం నిలబడింది మిగతా ముగ్గురి ఓర్పు మీద. పావుగంట పాటు ఒకే వరసను చెదరకుండా, తొందరపడకుండా, పక్కన మిన్ను విరిగి మీద పడుతున్నా పట్టించుకోకుండా వాయించడం ఎంత కష్టమో వాద్యం పట్టుకున్నవాళ్ళకు తెలుస్తుంది.

ఆల్బంలో ఏ పాటలు ఉన్నాయి? ఒక్కొక్కటి ఎలా ఉంటుంది?

మొదటి పాట ఎంటర్ ది మిర్రర్, అంటే అద్దంలోకి వెళ్ళమని. ఆరంభమే పరుగులు పెడుతుందని ఊహించినవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది, ఎందుకంటే ఇది నింపాదిగా, దాదాపు జోలపాట నడకలో సాగుతుంది. కింద రెండు మూడు స్వరస్థానాల మధ్య గిటార్ తీగలు మెల్లగా ఊగుతుంటాయి. మిజుతాని గొంతు ఎకోలో, అంటే ప్రతిధ్వనిలో మునిగి, ఎక్కడో బావి అడుగు నుంచి వస్తున్నట్టు ఉంటుంది. చరణం ముగిసే చోట గిటార్ లేస్తుంది. ఆ లేవడంలో ఎలాంటి సన్నాహమూ ఉండదు. ఒక్కసారిగా గది అంతా తెల్లగా మండిపోయినట్టవుతుంది. అయినా కింద ఆ ఊయల నడక మారదు. ఈ ఆల్బం మొత్తం పనిచేసే పద్ధతి ఈ ఒక్క పాటలోనే ఉంది, కాబట్టి ఇది అర్థమైతే మిగతా ఆరూ అర్థమైనట్టే.

రెండోది హంతకుల రాత్రి. దీని బేస్ వరస 1963లో అమెరికాలో లిటిల్ పెగ్గీ మార్చ్ పాడి మొదటి స్థానానికి తీసుకెళ్ళిన ఐ విల్ ఫాలో హిమ్ పాటను పోలి ఉంటుంది. కుర్రకారు ప్రేమపాటలోని అమాయకమైన వరసను తీసుకుని, దాన్ని పన్నెండు నిమిషాల చీకటి యాత్రకు ఇరుసుగా బిగించారు. కొత్తగా వినేవాళ్ళకు నేను ముందుగా వినిపించేది ఇదే, ఎందుకంటే ఆ వరస ఒకసారి చెవికి పట్టుబడితే పైన ఎంత హోరు చెలరేగినా దారి తప్పిపోము.

తర్వాత మంచు జ్వాల, దూరమైన జ్ఞాపకం వస్తాయి. మొదటిది ఉరుకుతుంది. రెండోది విషాదగీతం, నాకు అత్యంత ఇష్టమైనది కూడా. రెండో సీడీ రాత్రికన్నా లోతుగా అనే పాటతో తెరుచుకుంటుంది. ఆ తర్వాతి పాట పేరును ఇంగ్లీషులో రాత్రిని పోగుచేసేవాళ్ళు అన్న అర్థం వచ్చేలా రాస్తారు. జపనీస్ మూలంలో ఉన్న మాటకు పంట కోసేవాళ్ళు అన్న అర్థం దగ్గరగా ఉంటుంది. రాత్రి పంటను కోసేవాళ్ళు అనుకుంటే ఆ పాటలోని మొరటు లయ మరింత బాగా తగులుతుంది.

చివరి పాట పేరు ది లాస్ట్ వన్. బృందం తన కచేరీలను ఎక్కువగా ఈ పాటతోనే ముగించేది. ఇక్కడ ఇది సుమారు 25 నిమిషాలు సాగుతుంది. ఒకే ఒక్క గిటార్ వరస మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది, దాని మీద మిజుతాని వాయించేది ఇక స్వరాలుగా వినిపించదు. గాలిలాగా, ఉప్పెన నీటిలాగా వినిపిస్తుంది. ఇరవై నిమిషాలు దాటాక, వింటున్నది హోరులా అనిపించడం ఆగిపోయి అందులోనే సన్నని రాగాలు పుట్టి చస్తున్నట్టు తోస్తుంది. నాకు ఆ అనుభవం మొదటిసారి కలిగింది నాలుగో వినికిడిలో. అందుకే ఒక్కసారి విని తీర్పు చెప్పవద్దని ప్రతివారినీ కోరుతుంటాను.

ఇంత హోరు ఎందుకు? రికార్డింగ్ చెడిపోయిందా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది, దీనికి జవాబు రెండు భాగాలుగా చెప్పాలి. హోరులో ఎక్కువ భాగం వేదిక మీద కావాలని పుట్టించిందే. కొంత భాగం మాత్రం ఆ శబ్దాన్ని పట్టుకోబోయిన టేపు తట్టుకోలేక చేర్చినది.

మొదటి భాగం ఇలా. గిటార్ తీగ కదలికను పికప్ అనే అయస్కాంత సాధనం విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు ఫజ్ పెడల్ అనే, కాలితో నొక్కే సాధనంలోకి వెళ్ళినప్పుడు, తరంగం పైఅంచులూ కిందిఅంచులూ కత్తిరించినట్టు చదునవుతాయి. అలా చదునైన తరంగంలో అసలు స్వరంతోపాటు, అంతకుముందు లేని పై స్వరాలు గుంపుగా పుట్టుకొస్తాయి. ఆ తర్వాత టేపు ఎకో. తిరుగుతున్న టేపు మీద ఒక హెడ్ శబ్దాన్ని రాస్తుంది, కొద్ది దూరంలో ఉన్న మరో హెడ్ దాన్ని చదివి వినిపిస్తుంది. చదివినదాన్ని మళ్ళీ రాతకు పంపితే ప్రతిధ్వని మీద ప్రతిధ్వని పేరుకుంటుంది, ఒక్కో చుట్టుకూ కొంచెం మసకబారుతుంది. మసకబారిన పాత స్వరాల మీద కొత్త స్వరం పడుతూ ఉండడం వల్లే ఒక్క గిటార్ పది గిటార్లలా వినిపిస్తుంది.

రెండో భాగం టేపుది. అయస్కాంత టేపుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిన శబ్దాన్ని అది నొక్కేసి, అంచులు అరగదీసి రాసుకుంటుంది. హఠాత్తుగా గిటార్ లేచినప్పుడు డ్రమ్స్ వెనక్కి వెళ్ళిపోయినట్టు వినిపించేది అందుకే. గట్టి శబ్దం చిన్న శబ్దాలను పక్కకు తోసేస్తుంది. స్టూడియో ఇంజనీరు దాన్ని లోపమనే అంటారు. ఆ గదిలో కూర్చున్న మనిషి చెవి అనుభవించినది కూడా అలాంటిదే అయి ఉంటుంది కాబట్టి, ఈ లోపం ఆ సాయంత్రానికి నమ్మకమైన సాక్షి అని నేను అంటాను.

ఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటి? దాన్ని వాయించడం సాధ్యమేనా?

ఊళ్ళో పెళ్ళి పందిట్లోనో, బహిరంగ సభలోనో మైకు పట్టుకున్న మనిషి సౌండ్ బాక్సు ముందుకు వచ్చి నిలబడితే కుయ్యిమని వచ్చే అరుపు మనందరికీ తెలుసు. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి వెళ్ళి, ఇంకా పెద్దదై స్పీకర్‌లోంచి వచ్చి, ఆ చుట్టు ఆగకుండా తిరగడమే ఫీడ్‌బ్యాక్. గిటార్ విషయంలో ఆ శబ్దం తీగను కూడా కదిలిస్తుంది. చేత్తో మీటకపోయినా తీగ మోగుతూనే ఉంటుంది.

దాన్ని వాయించవచ్చు. ఆంప్లిఫయర్‌కు ఎంత దూరంలో నిలబడ్డారు, గిటార్‌ను ఏ కోణంలో తిప్పారు, తీగను ఎక్కడ నొక్కారు అన్నవాటిని బట్టి మోగే స్వరం మారుతుంది. అడుగు ముందుకు వేస్తే ఒక స్వరం, పక్కకు తిరిగితే మరొకటి. అంటే వాద్యం కేవలం గిటార్ కాదు, గిటారూ ఆంప్లిఫయరూ గదీ మనిషి ఒళ్ళూ కలిసి ఒకే వాద్యం. ది లాస్ట్ వన్ వింటున్నప్పుడు, వరుసగా మీటిన స్వరాల మధ్య ఒక పొడవాటి కూత నిలబడి, మెల్లగా పైస్థాయికి ఎక్కడం గమనించండి. అప్పుడు ఆయన తీగ మీటడం లేదు, దాన్ని అలా మోగనిస్తున్నారు.

జపనీస్ రాదు, మాటలు కూడా సరిగా వినిపించవు. ఏమైనా కోల్పోతున్నానా?

కొంత కోల్పోతారు, చాలా కాదు. మిజుతాని రాసిన మాటల్లో రాత్రి, అద్దం, మంచు, మంట, జ్ఞాపకం పదే పదే వస్తాయి, పాటల పేర్లలోనే అది తెలిసిపోతుంది. జపనీస్ తెలిసిన శ్రోతకు కూడా ఎకో వెనక సగం మాటలు అందవు. గొంతును కూడా ఒక వాద్యంలా వినమని ఆ మిశ్రమమే చెబుతోంది. గొంతు అరవదు అన్నది మాత్రం గమనించదగ్గ విషయం. ఇంత హోరు మధ్య ఆయన గొంతు ఎప్పుడూ హెచ్చించరు. పక్కన కూర్చున్న మనిషితో చెప్పుకున్నంత మెల్లగా పాడతారు. దూరమైన జ్ఞాపకం పాటలో ఆ మెత్తదనం గుండెను పట్టుకుంటుంది, దానికి భాష అడ్డు రాదు.

1977లో వాయించినది 1991 దాకా ఎందుకు బయటికి రాలేదు? స్టూడియో ఆల్బం ఎందుకు లేదు?

బృందం చురుగ్గా ఉన్న కాలంలో మామూలు పద్ధతిలో ఒక్క స్టూడియో ఆల్బం కూడా విడుదల చేయలేదు. 1991కి ముందు అధికారికంగా దొరికినది దాదాపు ఒకటే. టోక్యోలోని కిచిజోజిలో ఓజ్ అనే చిన్న సంగీత స్థలం 1973లో మూతపడుతున్నప్పుడు, అక్కడ వాయించిన బృందాల పాటలతో వేసిన జంట ఎల్పీలో వీళ్ళ పాటలూ ఉన్నాయి. ఈ సంగీతం స్టూడియోలో పుట్టేది కాదన్నదే నాకు కనిపించే ప్రధాన కారణం. పెద్ద ధ్వని, చీకటి గది, ముందు కూర్చున్న మనుషులు, గంటల తరబడి సమయం, ఇవన్నీ కలిస్తే కానీ అది తయారుకాదు. అందుకే వాళ్ళకు లైవ్ ఆల్బమే అసలు ఆల్బం.

1991లో మిజుతాని ఒకేసారి మూడు సీడీ సంచికలను విడుదలకు అనుమతించారు. ఒకటి 1967 నుంచి 1969 దాకా చేసిన తొలి రికార్డింగులది. రెండోది 1970 తర్వాతి కాలపు, ఎక్కువగా నెమ్మదైన పాటలది. మూడోది ఇది. ఆ మూడూ కొద్ది ప్రతులే రావడంతో త్వరగా కనుమరుగై, సేకరణకర్తల మధ్య భారీ ధరలకు చేతులు మారాయి.

మార్కెట్లో ఇదే కచేరీ వేరే పేర్లతో కనిపిస్తోంది. అవి ఏమిటి?

అవి బూట్‌లెగ్‌లు, అనుమతి లేకుండా అచ్చువేసిన దొంగ ప్రతులు. అధికారిక ప్రతులు దొరకని ఖాళీని అవే నింపాయి. వాటిలో హెవియర్ దేన్ ఎ డెత్ ఇన్ ది ఫ్యామిలీ అనే పేరుతో వచ్చినది బాగా ప్రసిద్ధం. దానిలోని పాటల్లో ఎక్కువ భాగం ఈ తచికావా కచేరీవే. బ్రిటిష్ సంగీతకారుడు జూలియన్ కోప్ 2007లో జపాన్ రాక్ గురించి రాసిన పుస్తకంలో దాన్ని ఆకాశానికెత్తడంతో, పాశ్చాత్య దేశాల్లో చాలామంది ఈ సంగీతాన్ని ఆ దొంగ ప్రతి ద్వారానే మొదట విన్నారు.

ఈ విషయంలో నాది కటువైన అభిప్రాయమే. బూట్‌లెగ్‌లు లేకపోతే ఈ బృందం పేరు సముద్రం దాటేది కాదు, అది ఒప్పుకోవాలి. కానీ వాటి మీద వచ్చిన డబ్బు వాయించినవాళ్ళకు చేరలేదు. తేదీలు తప్పుగా, పేర్లు తారుమారుగా, ధ్వని ప్రతి నకలుకూ మరింత పాడై, చివరికి బృందం ఎలా వినిపించేదో ఎవరికీ తెలియని స్థితి వచ్చింది. చెడిన నకలు ధ్వనినే బృందపు సహజ ధ్వనిగా పొరబడినవాళ్ళూ ఉన్నారు.

2022లో వచ్చిన కొత్త ప్రతికీ పాతదానికీ తేడా ఏమిటి? ఏది కొనాలి?

కొత్తది కొనండి. 1970 ప్రాంతంలో ఈ బృందంలో వాయించి, తర్వాత సంగీత నిర్మాతగా పేరు తెచ్చుకున్న మకోతో కుబోతా దీన్ని రీమాస్టర్ చేశారు, అంటే పాత టేపు ధ్వనిని సరిచేసి కొత్త ప్రతి తయారుచేశారు. జపాన్‌లో టఫ్ బీట్స్, అమెరికాలో లాస్ ఏంజెలెస్ సంస్థ టెంపొరల్ డ్రిఫ్ట్ దీన్ని విడుదల చేశాయి. సీడీతోపాటు వినైల్‌గా కూడా వచ్చింది. హోరును తగ్గించి పాటను శుభ్రం చేసే పొరపాటు కుబోతా చేయలేదు. హోరు హోరుగానే ఉంది. దాని కింద బేస్ ఇప్పుడు గుండ్రంగా, బరువుగా వినిపిస్తుంది, డ్రమ్స్ ఎక్కడున్నాయో తెలుస్తుంది. పాత నకళ్ళు మాత్రమే విన్నవాళ్ళు హంతకుల రాత్రి మొదటి అరనిమిషం వింటే చాలు, తేడా చెప్పగలరు.

అధికారిక ప్రతి కొంటే డబ్బు మిజుతాని తరఫువారికీ, ఆ సంగీతాన్ని భద్రపరిచేవాళ్ళకూ చేరుతుందన్నది మరో కారణం.

మొదటిసారి ఎలా వినాలి?

హంతకుల రాత్రితో మొదలుపెట్టి, గిటార్‌ను పట్టించుకోకుండా బేస్ మీద మాత్రమే ధ్యాస నిలపండి. కర్ణాటక కచేరీలో తంబూర శ్రుతిని మన చెవి ప్రత్యేకంగా వినదు, కానీ అది ఆగిపోతే వెంటనే తెలుస్తుంది. ఈ ఆల్బంలో బేస్ చేసే పని అలాంటిది. కదలని ఆ నేల మీద ఒకసారి కాలు ఆనితే, పైన గిటార్ ఎటు ఎగిరినా భయం ఉండదు. ఆ తర్వాత ఎంటర్ ది మిర్రర్, దూరమైన జ్ఞాపకం వినండి. ది లాస్ట్ వన్‌ను వేరే పనులు చేసుకుంటూ వినవద్దు. దానికి 25 నిమిషాలు కేటాయించలేని రోజున అసలు పెట్టవద్దు.

ఫోన్ స్పీకర్‌లో బేస్ పోతుంది, బేస్ పోతే ఈ ఆల్బంలో మిగిలేది కీచుదనమే. నచ్చలేదన్నవాళ్ళలో చాలామంది అలా విన్నవాళ్ళే. హెడ్‌ఫోన్లలో గానీ, ఒక మాదిరి స్పీకర్లలో గానీ వినండి. సౌండ్ మాత్రం అదుపులో ఉంచండి. పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెళ్ళు సురక్షిత పరిమితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంతకన్నా పెంచితే ఆ గంటలు చాలా వేగంగా తరిగిపోతాయి. ఈ రికార్డు తక్కువ సౌండ్‌లో కూడా పెద్దదిగానే వినిపిస్తుంది, ఎందుకంటే దాని పెద్దతనం టేపులోనే ఉంది.

ఇది నాయిస్ రాకా, సైకడెలిక్ రాకా?

రెండూ అనవచ్చు. నాయిస్ అన్న మాట జపాన్‌లో 1970ల చివర్లోనూ ఆ తర్వాతా, 1979లో మొదలైన హిజోకైదాన్, మెర్జ్‌బో వంటివారి ద్వారా, పాట అనేదే లేని శుద్ధ ధ్వనికి పేరుగా స్థిరపడింది. ఈ ఆల్బం అలాంటిది కాదు. ఇందులో పల్లవీ చరణమూ ఉన్న పాటలున్నాయి, హోరు ఆ పాటల ఒంటి మీది బట్ట. ఈ ఒక్క తేడా పట్టుకోనివాళ్ళు ఆల్బంను ఓర్పు పరీక్షలా విని అలసిపోతారు.

ఇది నచ్చితే తర్వాత ఏమి వినవచ్చు?

అదే బృందం వాయించినవాటిలో, 1973 నాటి రికార్డింగులతో 2022లో వచ్చిన ది ఓజ్ టేప్స్ మొదట వినదగినది, అందులో ఇదే హోరు యవ్వనంలో కనిపిస్తుంది. 1993లో కవసాకిలోని క్లబ్ చిత్తాలో చేసిన కచేరీ కూడా తర్వాత అధికారికంగా వచ్చింది, అది దీనికన్నా భారీగా, చల్లగా ఉంటుంది. బయటివాళ్ళలో కెయిజి హైనో నడిపిన ఫుషిత్సుషా బృందం లైవ్ ఆల్బంలను వదలకండి. టోక్యోలో మోడర్న్ మ్యూజిక్ అనే రికార్డుల దుకాణం నడిపిన హిదెవో ఇకెయెజుమి, 1984లో పీఎస్ఎఫ్ అనే సంస్థను స్థాపించి ఫుషిత్సుషాను, హై రైజ్ అనే మరో బృందాన్ని లోకానికి వినిపించారు. 1995లో మకోతో కవబాతా మొదలుపెట్టిన ఆసిడ్ మదర్స్ టెంపుల్ ఈ దారిలో నడిచి, ప్రపంచమంతా తిరిగి వాయించింది.

మిజుతాని ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?

బృందం 1996లో చివరిసారి వేదిక ఎక్కింది. ఆ తర్వాత ఆయన జనానికి కనిపించలేదు. ఆయన గురించి పుకార్లు పుట్టాయి, అభిమానులు ఆయన ఎక్కడున్నారో ఊహించుకుంటూ పాతికేళ్ళు గడిపారు. 2021 అక్టోబరులో బృందం పేరుతో అధికారిక వెబ్‌సైట్ తెరుచుకుంది. మిజుతాని 2019 డిసెంబరులోనే మరణించారని అందులో ప్రకటించారు. టేపులను సరిచేసి విడుదల చేసే పని ఆ తర్వాతే ఊపందుకుంది, ఈ ఆల్బం కొత్త ప్రతి మరుసటి ఏడాది వచ్చింది. దాన్ని ఆయన వినలేదు. ది లాస్ట్ వన్ మొదట్లో, గిటార్ ఇంకా లేవకముందు, ఆయన గొంతు ఇప్పుడు ఇదివరకటికన్నా దగ్గరగా వినిపిస్తుంది.